ఆరు పలకల కడ్డీ, ఝాన్సీ కుడిపాదం

రాజాం,
26 జూన్ 2017.

విశాఖపట్నం మార్డెన్ మోటార్స్ సేవా కేంద్రంలో ఫిర్యాదులు చూసే అధికారి గారికి, రాజాం నుంచి అప్పలసూరి కూతురు సింధు నమస్కరించి రాస్తున్నది.

అయ్యా, ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి రావడానికి కారణం ఒక్కటే. ఆషాఢం వచ్చేసింది. మా పక్కింటి ఝాన్సీ కొత్త పెళ్ళికూతురు. ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వచ్చింది. శ్రావణం రాగానే అత్తగారు వచ్చి తీసుకెళ్ళాలి. ఆవిడ తీసుకెళ్ళనంటున్నారు. దానికి కారణం మీ కారు.

మా నాన్నకు మీ కంపెనీ పాత డీజిల్ కారు ఒకటి ఉంది. పూలు కట్టి పెళ్ళిళ్ళకు నడుపుతారు. ఈ చుట్టుపక్కల ఎందరో పెళ్ళికూతుళ్ళు అందులోనే అత్తారిళ్ళకు వెళ్ళారు, సుఖంగా ఉన్నారు. ఝాన్సీని కూడా కోటబొమ్మాళికి అందులోనే తీసుకెళ్ళారు. దారంతా బాగానే నడిచింది. తీరా స్టేషను రోడ్డులోకి తిరిగి, అత్తారింటి పందిరి కనబడే చోట ఇంజను బిగుసుకుపోయి ఆగిపోయింది. పెళ్ళికొడుకు ప్రమోద్ దిగి బానెట్ ఎత్తాడు. అతనికి బానెట్ ఎత్తడం వరకే వచ్చు. గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకున్న అత్తగారు లక్ష్మణమ్మ గారు చూస్తూ చూస్తూ ఉండగానే కర్పూరం కాస్తా అయిపోయింది. పట్టుచీర పిల్ల చివరికి ధాన్యం బస్తాల ట్రాక్టరు ఎక్కి అత్తారిల్లు చేరింది.

అప్పుడు ఆవిడ అందరి ముందూ అన్న మాట ఇది: "ఈ పిల్ల గుమ్మంలో కుడికాలు ఎట్నేదు, ఇనప బండే సచ్చిపోనాది. మాకు రైసుమిల్లున్నాది, మరలున్నాయి. రేపు అయ్యేటవ్వాల?"

అయ్యా, నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కి, చివరిదాకా దిగకుండా ఉన్న మొదటి మనిషిని నేనే. కారును సాలూరు లారీ షెడ్డుకు తీసుకెళ్ళి, దగ్గరుండి ఇంజను విప్పించాను. ఆయిల్ పంపును తిప్పే చిన్న ఆరు పలకల కడ్డీ అరిగి గుండ్రంగా తయారైంది. కుళాయి పిడి లోపల అరిగిపోతే పిడి తిరుగుతుంది గాని నీళ్ళు రావు చూడండి, అదే జరిగింది. ఇంజను తిరుగుతోంది, పంపు తిరగడం లేదు. ఈ బలహీనత మీ పాత డీజిల్ కార్లలో మామూలేనని మెకానిక్కులందరికీ తెలుసు. దేశదేశాల వాళ్ళు ఇంటర్నెట్‌లో దీని మీద ఏడుస్తూ రాసుకున్నారు.

మాకు కొత్త ఇంజను వద్దు. రిపేరు మేమే చేయించుకుంటాం. మాకు కావలసింది మీ కంపెనీ కాగితం మీద ఒక్క వాక్యం: "ఈ కారు ఆగింది ఆయిల్ పంపు కడ్డీ బలహీనత వల్ల, పెళ్ళికూతురి పాదం వల్ల కాదు." కింద సంతకం, స్టాంపు. ఫోనులో చెబితే చాలదు. స్టాంపు లేని మాటను లక్ష్మణమ్మ గారు నమ్మరు. వచ్చే నెల 5లోగా జవాబు ఇవ్వవలెను.

ఇట్లు,
సింధు.

తా.క. దాచడం నాకు ఇష్టం లేదు కనుక ఇది కూడా రాస్తున్నాను. తాళం తిప్పగానే స్టీరింగు ముందు మీటర్ల అద్దంలో ఎర్రగా నూనెదీపం లాంటి బొమ్మ ఒకటి వెలిగి ఆరుతుంది కదా. మా నాయనమ్మ బుజ్జమ్మ రోజూ దానికి దండం పెడుతుంది. ఆ రోజు ఝాన్సీకి తోడుగా ముందు సీట్లో కూర్చుంది. కోటబొమ్మాళి పొలిమేరలో ఆ దీపం వెలిగి ఆరకుండా నిలబడింది. "ఒరే సూరీ, పిల్ల ఊళ్ళోకొస్తంటే బండే దీపం ఎట్టిందిరా. ఆపకు, అపసకునం" అంది. మా నాన్న ఆపలేదు.

*

విశాఖపట్నం,
30 జూన్ 2017.

గౌరవనీయులైన శ్రీమతి సింధు గారికి,

మీ వివాహ శుభసందర్భంలో మార్డెన్ కారును ఎంచుకున్నందుకు హృదయపూర్వక ధన్యవాదములు. నూతన దంపతులకు మా శుభాకాంక్షలు.

మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించితిమి. దీపం గుర్తు వెలిగినచో ఇంజనులో ఆయిల్ తగ్గినదని అర్థము. దయచేసి ఆయిల్ పోయండి. మీ పాదం గురించి రాసినారు. క్లచ్, బ్రేకు తొక్కునపుడు పాదమునకు అనువైన చెప్పులు ధరించవలెను. పాదముల సమస్యలు వారంటీ పరిధిలోకి రావు.

సాంకేతిక విషయములను ఇంట్లో మగవారిచేత రాయించినచో మాకు గ్రహించుట సులభమగును. మీకు కలిగిన అసౌకర్యమునకు గాను ఉచిత కార్ వాషింగ్ కూపన్ జతపరిచితిమి.

భవదీయుడు,
కూర్మనాథం,
వినియోగదారుల సంబంధాల అధికారి.
(స్టాంపు)

తా.క. ఇది ఆఫీసు మాట కాదు. మాది పంచాంగం చూసే కుటుంబం. మా అమ్మగారు అడగమన్నారు, బండి బయలుదేరింది వర్జ్యంలో కాదు కదా?

*

రాజాం,
3 జూలై 2017.

శ్రీ కూర్మనాథం గారికి, ఇంకా పెళ్ళి కాని సింధు రాయునది.

అయ్యా, పెళ్ళికూతుర్ని నేను కాదు. నా చెప్పులు బాగానే ఉన్నాయి. మా ఇంట్లో మగవారు మా నాన్న ఒక్కరే. ఆయనకు సంతకం నేర్పింది నేను.

మీ ఉత్తరం వల్ల జరిగిన మేలు చెబుతాను. స్టాంపు ఉంది కనుక లక్ష్మణమ్మ గారు దాన్ని పట్టుపట్టి తెప్పించుకుని చదివించుకున్నారు. చదివించుకుని ఝాన్సీ నాన్నకు ఫోను చేశారు. "ఆయిలు పొయ్యండని కంపినీవోళ్ళే రాసీసినారు. అంటే ఏటి? పెళ్ళికూతురెక్కే బండికి ఆయిలు కూడా పొయ్యనేని ఇంటితోటా నాను వియ్యమందుకున్నాను?" అన్నారు. మొన్నటిదాకా పాదం ఒక్కటే చెడ్డది. మీ దయవల్ల ఇప్పుడు వంశం కూడా చెడింది.

కారులో ఆయిల్ నిండుగా ఉంది. కుండ నిండా గంజి ఉన్నా గరిటె విరిగితే పళ్ళెంలోకి రాదు. విరిగింది మీ గరిటె. కుండ చూసి, గంజి పొయ్యండి అంటున్నారు మీరు.

వర్జ్యం సంగతి. ముహూర్తం పెట్టింది పురోహితుడు, కడ్డీ పెట్టింది మీరు. పురోహితుడు పెట్టింది బాగానే పనిచేసింది.

మీ కూపన్ తిరిగి పంపుతున్నాను. ప్రాణం పోయినదానికి స్నానం చేయించడాన్ని మా ఊళ్ళో వేరే పేరుతో పిలుస్తారు.

మాటలతో మీకు అర్థం కావడం లేదు కనుక అరిగిన ఆ కడ్డీనే రిజిస్టర్డ్ పార్సెల్లో పంపుతున్నాను. మీ ఇంజనీరుకు చూపించండి. చూసిన తర్వాత, నేను మొదట అడిగిన ఆ ఒక్క వాక్యం రాసి ఇవ్వండి. ఈ నెల 10లోగా జవాబు కావాలి. ఇకమీదట నా ఉత్తరాల నకళ్ళు లక్ష్మణమ్మ గారికి కూడా పంపుతాను. మీ మాట ఒక్కటే ఆవిడ చెవిన పడితే ఎలా?

ఇట్లు,
కుమారి సింధు.

తా.క. కడ్డీకి పసుపూ కుంకుమా అంటి ఉంటాయి. "పెళ్ళిబండి సామాను, బోడిగా ఎలాగ అంపుతాం" అని నాయనమ్మ ఎర్రగుడ్డలో నిమ్మకాయతో సహా మూటకట్టి ఇచ్చింది. నిమ్మకాయతో మీకు పని లేదు, తీసెయ్యండి.

*

విశాఖపట్నం,
8 జూలై 2017.

కుమారి సింధు గారికి,

మీ పార్సెల్ అందినది. దానిని విప్పిన రిసెప్షన్ అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడినది. సెక్యూరిటీ అతను తన మెడలోని తాయెత్తును రెండు చేతులతో పట్టుకొని గేటు బయటకు వెళ్ళి, సెలవు చీటీ అక్కడి నుంచే పంపినాడు. ఎర్రగుడ్డ, నిమ్మకాయ, కుంకుమ మొదలగు క్షుద్రపూజా సామగ్రిని కార్యాలయములకు పంపుట తీవ్రమైన విషయమని ఇందుమూలముగా హెచ్చరించుచున్నాము. ఎవరూ ముట్టుకొననందున కడ్డీ పరిశీలన జరుగలేదు.

ఇక మీ కోరిక విషయము. "బలహీనత" అను పదము మా కంపెనీ వాడదు. అట్టిది "వాడుక వలన సహజముగా కలిగిన మార్పు". అంతేగాక దీపం వెలిగిన పిమ్మట కూడా కారు నడిపినట్లు మొదటి ఉత్తరంలో మీరే రాసియున్నారు. కావున తప్పు వినియోగదారునిదే.

భవదీయుడు,
కూర్మనాథం.
(స్టాంపు)

తా.క. మూటను నేనే చీపురుతో కిటికీ దగ్గరకు జరిపాను. నిమ్మకాయ కుళ్ళనంతకాలం భయం లేదని, కుళ్ళితే మాత్రం దోషం ఎవరో ఒకరికి తగిలినట్టేనని మా అమ్మగారు చెప్పారు. రోజూ ఉదయం చూస్తున్నాను. ఇవాళ్టికి బాగానే ఉంది.

*

రాజాం,
11 జూలై 2017.

కూర్మనాథం గారికి,

నమస్కారం పెట్టాలో వద్దో తెలియక పెట్టి రాస్తున్నాను.

మా నాయనమ్మ మూట కట్టింది గౌరవంతో. మీరు దానికి క్షుద్రపూజ అని పేరు పెట్టి, పైన స్టాంపు కొట్టారు. లక్ష్మణమ్మ గారు అది కూడా చదివించుకున్నారు. "నాను ఉత్తినే పాదం అనుకున్నాను. ఆ పిల్లకి ఏదో సోకినాదట. కంపినీ కాయితంలో ఉన్నాది, స్టాంపు కూడా ఉన్నాది" అని బంధువులందరికీ చెబుతున్నారు. ఇప్పుడు భూతవైద్యుడికి చూపించాకే పిల్లను తీసుకెళ్ళే మాట ఎత్తుతారట. నేను మిమ్మల్ని అడిగింది ఒక్క వాక్యం. మీరు నాకు భూతవైద్యుణ్ణి ఇచ్చారు.

ఝాన్సీ మొదట్లో వీటికి నవ్వేది. "ఒసే, నా పాదానికి అంత బలముంటే పరీక్షల్నాడు కాలేజీనే ఆపేద్దును కదే" అనేది. ఇప్పుడు గడప దాటేటప్పుడు ఏ కాలు ముందు పడుతోందో చూసుకుంటోంది. నిన్న బజారుకు వెళ్దామని బస్సు దగ్గరికి వెళ్ళాం. మెట్టు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసింది. "నువ్వెక్కు సింధూ. నాను నడిచొస్తాను. బస్సాగిపోతే పాపం అందరూ దిగాల" అంది. నవ్వుతూ అనలేదు. ఆ ఎండలో ఇద్దరం నడిచే వెళ్ళాం. కూర్మనాథం గారూ, ఈ మాట మీరు మీ ఏసీ గదిలో కూర్చుని ఒకటికి రెండుసార్లు చదవాలి.

తప్పు వినియోగదారునిదే అన్నారు. దీపం వెలిగింది పంపు ఆగిపోయాక. కడ్డీ అరిగింది అంతకు చాలా ముందు. చావు కబురు తెచ్చినవాణ్ణి చూసి, చంపింది వీడే అంటారా? ఇంకొకటి అడుగుతాను. తర్వాత వచ్చిన మీ కార్లలో ఆ కడ్డీని పొడవు చేశారు. అలాంటిదే ఒకటి తెప్పించి ఇప్పుడు మా కారుకు వేయిస్తున్నాం. పాత కడ్డీకి ఏ బలహీనతా లేకపోతే దాన్ని ఎందుకు పొడవు చేశారు? అందంగా ఉంటుందనా? అది ఇంజను కడుపులో ఉంటుంది, చూసేవాళ్ళెవరూ లేరు.

మీరు రాసి ఇవ్వరు. సరే, మీ పెద్ద ఇంజనీరు ఎవరో కోటబొమ్మాళి వచ్చి, లక్ష్మణమ్మ గారి ముందు నిలబడి, ఆ కార్లలో లోపం ఉందో లేదో నోటితో చెప్పాలి. ఎప్పుడు వస్తారో 16లోగా తెలియజేయండి.

ఇట్లు,
సింధు.

తా.క. నిమ్మకాయ కుళ్ళలేదంటే మీ ఆఫీసులో చలి ఎక్కువగా ఉందని అర్థం. ఇది కూడా సాంకేతిక విషయమే.

*

విశాఖపట్నం,
14 జూలై 2017.

కుమారి సింధు గారికి,

మీ ఉత్తరమును మా టెక్నికల్ మేనేజర్ చంద్రమౌళి గారి ముందుంచితిమి. వారు దానిని సవాలుగా స్వీకరించినారు. 18వ తేదీ మంగళవారము వారే స్వయముగా కోటబొమ్మాళి వచ్చెదరు. మా ఆఫీసు కారు కూడా మీ కారు వయసుదే, మీ కారు రకమే. అందులోనే వచ్చి, అత్తగారిని కూర్చుండబెట్టి తిప్పి చూపించి, ఈ కార్లలో ఏ బలహీనతయు లేదని రుజువు చేసెదరు.

భవదీయుడు,
కూర్మనాథం.
(స్టాంపు)

తా.క. మంగళవారం ప్రయాణం వద్దని మా అమ్మగారు చెప్పమన్నారు. చెప్పాను. మేనేజర్ గారు నవ్వారు. ఆయన ఎర్రదీపాన్ని కూడా నమ్మరు. "అదంతా సెన్సార్ తప్పు" అంటారు. మీరు బస్సు గురించి రాసింది రెండుసార్లు చదివాను. మూడోసారి మా అమ్మగారు చదివించుకున్నారు. ఆ పూట కంచం నన్నే పెట్టుకోమన్నారు.

*

విశాఖపట్నం,
20 జూలై 2017.

అమ్మా సింధూ గారికి, కూర్మనాథం నమస్కరించి రాయునది.

ఇది కొరియర్లో పంపుతున్నాను. పైన స్టాంపు లేదు, గమనించగలరు.

మా మేనేజర్ గారి కారు కోటబొమ్మాళిలో ఆగిపోయింది. ఆయన రైల్లో తిరిగి వచ్చారు. జరిగింది ఆయన ఎవరితోనూ సరిగా చెప్పడం లేదు. పై ఆఫీసుకు రిపోర్టు మాత్రం రాశారు. "కారులో ఏ లోపమూ లేదు, ఎవరో పెద్దావిడ ఎక్కి కూర్చున్న వేళ మంచిది కాదు" అని అందులో ఉంది. ఇరవై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మనిషి రాసిన మాట ఇది. పై ఆఫీసు నుంచి ఈమెయిల్లో జవాబు వెంటనే వచ్చింది. "దయచేసి ఆయిల్ పోయండి" అని. కూపన్ కూడా జతపరిచారు.

దీపం వెలిగాక కూడా ఎందుకు నడిపావు, తప్పు నీదేనని ఇప్పుడు ఆయన మీద విచారణ వేశారు. ఆయన ప్రమోషను పోయేలా ఉంది. మా ఇంజనీర్లు సంతకం పెట్టడానికి జంకుతున్నారు. బయటి మనిషి, డిప్లొమా చదివినవారు, ఆ కడ్డీని కళ్ళారా చూసినవారు ఒకరు రాసి ఇస్తే పనికొస్తుందని ఆయన ఆశ. కాబట్టి మీరు దయచేసి ఒకే ఒక్క వాక్యం రాసి ఇవ్వగలరా? "కారు ఆగింది ఆయిల్ పంపు కడ్డీ బలహీనత వల్ల, చంద్రమౌళి గారి వల్ల కాదు" అని.

"బలహీనత" అనే పదం వాడవచ్చు.

మీ
కూర్మనాథం.

తా.క. మంగళవారం ఉదయం నిమ్మకాయ కుళ్ళింది.

*

రాజాం,
21 జూలై 2017.

కూర్మనాథం గారికి, సింధు నమస్కారాలు.

మీ మేనేజర్ గారు చెప్పలేనిది నేను చెబుతాను. ఆయన కారు ఎక్కించుకున్న "ఎవరో పెద్దావిడ" లక్ష్మణమ్మ గారు.

మంగళవారం ఆయన మిల్లు ముందు కారు ఆపి, వీధివాళ్ళంతా వినేలా పెద్ద ఉపన్యాసం ఇచ్చారట. ఈ కారు ఏనుగు లాంటిది, దీనికి ఏ రోగమూ రాదు, ఎక్కండమ్మా అని ముందు తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆవిడ పట్టుచీర సర్దుకుని, కుడికాలు ముందు పెట్టి ఎక్కారు. ఊరంతా తిరిగి స్టేషను రోడ్డులోకి వచ్చారు. మీటర్ల అద్దంలో ఎర్రదీపం వెలిగింది.

"బాబూ, అదేటి ఎర్రగా?"

"సెన్సారమ్మా. పట్టించుకోకండి."

ఝాన్సీ ఎక్కిన కారు ఆగిన చోటుకు కాస్త ఇవతల, కూరలమ్మే అసిరమ్మ బుట్టల ముందు మీ ఏనుగు కూలబడింది. అసిరమ్మ లేచి వచ్చి లోపలికి తొంగిచూసి, "ఓలమ్మో లక్ష్మణమ్మా! నెల్రోజులు కానేదు, కోడలెక్కిన బండి ఈడే ఆగినాది. ఇప్పుడు నువ్వు. ఏ కాలెట్టి ఎక్కినావేటే?" అని అందరికీ వినబడేలా అడిగింది. వీధి మొత్తం నవ్వింది.

అప్పుడు లక్ష్మణమ్మ గారు కారు దిగి అన్న మాటలు ఇవి. అక్కడున్న ముగ్గురు నలుగురు నాకు ఒకేలా చెప్పారు. "నా పాదానికేటి? నా పాదం ఎట్టినాకే మా మిల్లు రెండయినాది! కడ్డీ అరిగిపోనాదే, కడ్డీ! కుళాయి పిడి తిరుగుతాది, నీళ్ళు రావు. ఆరు పలకలూ నున్నగైపోతాయి. సదూకున్న పిల్ల సిలక్కి సెప్పినట్టు ఉత్తరాల్లో రాసింది. మీకెవులికీ సెవుల్నేవా?"

నేను పంపిన నకళ్ళు అన్నీ ఆవిడ శ్రద్ధగానే చదివించుకున్నారన్న మాట. నమ్మడానికి మాత్రం ఆవిడే కారెక్కవలసి వచ్చింది.

మీ కారును ఆవిడ మిల్లు పనివాళ్ళ చేత లోపలికి తోయించి గేటుకు తాళం వేశారు. కంపెనీ స్టాంపు ఉన్న కాగితం చేతికి వచ్చేదాకా తాళం తియ్యరట. నిన్న నాకు ఫోను చేసి, "ఒలే సింధూ, ఆ కాయితంలో నా పేరు రాయించు. లక్ష్మణమ్మ పాదానికి ఏ దోషమూ నేదని. బేగి" అన్నారు.

"రాయిస్తానమ్మా. ముందు ఝాన్సీ పేరు, తర్వాత మీ పేరు" అన్నాను.

"అదెందుకే మజ్జిన?"

"కడ్డీ ఒకటేనమ్మా. మీకు ఒకలా, ఆ పిల్లకు ఒకలా అరగదు."

"సర్లే. దాన్ని సర్దుకోమను. శ్రావణం మొదటి రోజు నానే వస్తాను" అన్నారు. ఎందులో వస్తారమ్మా అని అడిగాను. "ట్రాక్టరు మీద. దానికి దీపాల్నేవు" అన్నారు.

ఈ మాట చెప్పగానే ఝాన్సీ గట్టిగా నవ్వింది. నవ్వి, గడప మీద అటూ ఇటూ నాలుగుసార్లు తొక్కింది, కాళ్ళు చూసుకోకుండా.

ఇక మీ మేనేజర్ గారి విషయం. నా వాక్యం సిద్ధంగా ఉంది. అరిగిన కడ్డీ బొమ్మ కూడా గీసి పెట్టాను. అది నేను జూన్‌లో మిమ్మల్ని అడిగిన వాక్యమే, పెళ్ళికూతురి పాదం ఉన్న చోట చంద్రమౌళి గారి పేరు పెట్టాను. మీ కాగితం ఒక చేత్తో ఇవ్వండి, నా కాగితం రెండో చేత్తో తీసుకోండి. మీ కాగితంలో ముందు ఝాన్సీ పేరు, తర్వాత లక్ష్మణమ్మ గారి పేరు ఉండాలి. "బలహీనత" అన్న పదం ఉండాలి. "సహజముగా కలిగిన మార్పు" అని ఉంటే తీసుకోను. క్షుద్రపూజ మాట మీరు వెనక్కి తీసుకున్నట్టు కింద ఇంకో వాక్యం కూడా రాయండి. మా నాయనమ్మకు చదివి వినిపించాలి. ఇది సాంకేతిక విషయం కనుక, పంపేముందు ఇంట్లో ఆడవారి చేత ఒకసారి చదివించుకోండి. మీ అమ్మగారైతే బాగుంటుంది.

గేటు తాళం తీశాక కారును ఎక్కడికి తీసుకెళ్ళాలా అని మీరు బెంగపడవద్దు. మా కారుకు పొడవాటి కడ్డీ వేశారు, చక్కగా తిరుగుతోంది. మీ కారును మా నాన్న తాడు కట్టి సాలూరు లాక్కెళ్ళి, అక్కడే అలాంటిది వేయిస్తానన్నారు.

24వ తేదీ సోమవారం శ్రావణం మొదలు. ట్రాక్టరు వచ్చేసరికి ఆ కాగితం ఝాన్సీ చేతిలో ఉండాలి.

ఇట్లు,
సింధు.

తా.క. నాయనమ్మ ఇప్పుడు కూడా ఎర్రదీపానికి దండం పెడుతోంది. అయితే చేతులు జోడించి "ఒరే సూరీ, ఆపు" అంటోంది. ఆ ఎర్రగుడ్డ పారెయ్యకండి, మీ మేనేజర్ గారి కారుకు కడుతుందట. కాగితంతో పాటు మనిషి చేత పంపండి. 23వ తేదీ సాయంత్రంలోగా జవాబు నాకు చేరాలి. ఆ తర్వాత వచ్చే జవాబు మిల్లు గేటు దగ్గర లక్ష్మణమ్మ గారికి మీరే చెప్పుకోవాలి.